కట్టీ సార్క్‌కు అద్దాల పెట్టె: గాలి చొరబడకుండా మూసేయాలా?

ప్రశ్న: ఏడాదిన్నర పాటు సెలవుల్లో కూర్చుని కట్టీ సార్క్ ఓడ నమూనా పూర్తి చేశాను. 1:100 స్కేలు, చెక్క కిట్. ముందుకు పొడుచుకొచ్చిన కొయ్యతో కలిపి పొడవు 85 సెం.మీ., అడ్డకొయ్యల దగ్గర వెడల్పు 24 సెం.మీ., స్టాండుతో ఎత్తు 55 సెం.మీ. లంగర్లు, మరికొన్ని చిన్న భాగాలు లోహంతో పోతపోసినవి. తాళ్ల మీద అప్పుడే దుమ్ము పేరుకుంటోంది. 3 మి.మీ. అక్రిలిక్ షీట్లు తెచ్చి, ఓక్ చెక్క పీట మీద పెట్టెలా బోర్లిద్దామనుకుంటున్నాను. అతకడానికి సూపర్ గ్లూ చాలంటాడు మా బావమరిది. అక్రిలిక్ ఎందుకు, గాజు పెట్టించు అంటుంది మా ఆవిడ. చివర్లో అంచులన్నీ సిలికాన్‌తో మూసేస్తే దుమ్ము సమస్యే ఉండదు కదా? హాల్లో షెల్ఫ్ మీద పెట్టాలని ఉంది. షీట్లు కొనేలోపు మీ మాట కూడా విందామని రాస్తున్నాను.

సమాధానం: షీట్లు ఇంకా కొనలేదు కాబట్టి మంచి సమయానికే అడిగారు. మీ ప్లానులో సూపర్ గ్లూ, ఓక్ పీట, సిలికాన్ సీలు, ఈ మూడూ మార్చుకోవాలి. మూడింటికీ కారణం ఒకటే. పెట్టె దుమ్మును బయట ఆపుతుంది, నిజమే. లోపల పుట్టే ఆవిర్లను కూడా అలాగే లోపలే ఆపేస్తుంది. షెల్ఫ్ మీద పెట్టె లేకుండా ఉన్నంత కాలం ఓడకు ఏ హానీ చేయని చెక్క, జిగురు, వార్నిష్ మూసిన పెట్టెలో మెల్లగా పని మొదలుపెడతాయి. అందుకే పెట్టె అంటే ఏమేం లోపల పెడుతున్నామో చూసుకోవడమే సగం పని.

ముందు ఓ చిన్న విషయం. చాలామంది షీట్లు కోయించాక గానీ దీని సంగతి ఆలోచించరు. పెట్టెను పైకెత్తేదెలా? తెరచాప కొయ్యలు 55 సెం.మీ. ఎత్తున్నప్పుడు బోర్లించిన పెట్టెను అంతకంటే పైకి లేపితే గానీ పక్కకు తీయలేరు. పెట్టె ఎత్తే 60 సెం.మీ. అంటే పీట నుంచి పైకి దాదాపు 120 సెం.మీ. ఖాళీ కావాలి. మీ షెల్ఫ్ అరల మధ్య అంత ఎత్తు ఉండదు. ప్రతిసారీ ఓడతో, పెట్టెతో సహా మొత్తాన్ని బయటికి లాగి బల్ల మీద పెట్టి తీయాల్సి వస్తుంది. షెల్ఫ్ మీదే పెట్టాలంటే పెట్టె ముందువైపు పలకను విడిగా ఉంచి, మూలల్లో చిన్న అయస్కాంతాలతో నిలబెట్టే పద్ధతి చూడండి. లేదంటే గోడ పక్కన విడి బల్ల ఒకటి ఏర్పాటు చేసుకోండి. నన్నడిగితే బల్లే మేలు. విడి పలక ఉన్న పెట్టెకు మూడు వైపులా సందులు మిగులుతాయి, దుమ్ముకు అదే దారి.

బల్ల అనుకున్నాక అట్టపెట్టెల ముక్కలతో అసలు కొలతల్లో ఓ డొల్ల పెట్టె చేయండి. టేపుతో అతికించినా చాలు. దాన్ని ఓడ మీద బోర్లించి చూడండి. ఎక్కడ చెయ్యి వణుకుతుందో, ఏ కొయ్య కొసకు తగిలేలా ఉందో, ఒక్కరివల్ల అవుతుందో లేదో తెలిసిపోతుంది. అసలు పెట్టె బరువెక్కువ కాబట్టి ఇద్దరుండాల్సిందే. మా సలహా విన్న చాలామంది ఈ అట్ట దగ్గరే కొలతలు మార్చుకున్నారు.

ఓడ చుట్టూ అన్ని వైపులా 5 సెం.మీ. వదిలితే చూడ్డానికి ఇరుకుగా ఉండదు, ఎత్తేటప్పుడు తగలదు. ఆ లెక్కన లోపలి కొలత 95 పొడవు, 34 వెడల్పు, 60 ఎత్తు. ముందుకు పొడుచుకొచ్చిన కొయ్యను కూడా కలిపే మధ్యకు తేవాలి. ఓడ పొట్టను మధ్యలో పెడితే ముందు వైపు చోటు చాలదు.

ఇక సిలికాన్ సీలు సంగతి. 95 × 34 × 60 అంటే మీ పెట్టెలో దాదాపు 194 లీటర్ల గాలి ఉంటుంది. పగటికీ రాత్రికీ మధ్య గదిలో 10 డిగ్రీల తేడా వచ్చిందంటే ఆ గాలి నూటికి మూడు పాళ్లకు పైగా వ్యాకోచిస్తుంది. అంటే సుమారు ఆరున్నర లీటర్ల గాలి ఎలాగోలా బయటికి పోవాలి, చల్లబడ్డాక అంత గాలీ తిరిగి లోపలికి రావాలి. సీలు గట్టిగా ఉంటే పలకలు కాస్త ఉబ్బి, మళ్లీ లోపలికి పీక్కుంటాయి. అలా జరిగీ జరిగీ ఎక్కడో ఓ మూల సీలు విడుతుంది. ఇక రోజూ ఆ సందులోంచే గాలి రాకపోకలు సాగిస్తుంది, ఆ గాలితోపాటే దుమ్ము వస్తుంది. కొన్నాళ్లకు పెట్టె లోపల పీట మీద ఒకే చోట సన్నని బూడిద రంగు చార కనిపిస్తే సీలు ఎక్కడ పోయిందో అదే చెబుతుంది. గాలిని ఆపడం మన వల్ల కాదు గానీ ఏ దారిన రావాలో మనమే నిర్ణయించవచ్చు. పీటకు కింది వైపు నుంచి మూలల దగ్గర 8–10 మి.మీ. రంధ్రాలు నాలుగైనా, ఆరైనా వేయండి. వాటికి అడుగు నుంచి దట్టమైన నేత బట్ట గానీ గాలి వడపోసే ఫిల్టర్ ముక్క గానీ అంటించండి. పీట కింద ఒక సెంటీమీటరు ఎత్తు కాళ్లు పెట్టండి. గాలి అక్కడినుంచి వడపోసుకుని వస్తుంది, దుమ్ము బట్టకే అంటుకుపోతుంది.

పైగా కొన్ని రకాల సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది. ఆ వాసన ఎసిటిక్ ఆమ్లానిది. మీ ఓడకు అదే శత్రువు, ఎందుకో చెబుతాను.

ఓక్ చెక్క ఎంత పాతబడినా ఎసిటిక్ ఆమ్లాన్ని ఆవిరిగా వదులుతూనే ఉంటుంది. ఎండబెట్టిన చెక్క కదా, పాతది కదా అనుకోవడానికి లేదు. ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసే పలక) లాంటి వాటిలో ఉండే జిగుర్ల నుంచి ఫార్మాల్డిహైడ్ వస్తుంది, అది ఫార్మిక్ ఆమ్లంగా మారగలదు. ఆరుబయట ఇవి గాల్లో కలిసిపోతాయి. మూసిన పెట్టెలో పోగవుతాయి. వీటికి అన్నిటికంటే ముందు బలయ్యేది సీసం. మ్యూజియాల్లో పాత ఓడ నమూనాల సీసపు లంగర్లు, కప్పీలు, ఫిరంగులు తెల్లటి పొడి పట్టి, ఆకారం ఉబ్బి, చివరికి ముట్టుకుంటే రాలిపోయే స్థితికి రావడానికి కారణం ఇదే. ఆ తెల్ల పొడి సీసపు కార్బొనేట్. ఒక్కసారి మొదలైందంటే దానంతటది ఆగదు, ఆవిరి ఉన్నంతసేపూ తింటూనే పోతుంది.

మీ లంగర్లు సీసమో కాదో తెలుసుకోవడం తేలికే. రంగు వేయని చోట తెల్ల కాగితం మీద గీయండి, పెన్సిల్‌లా బూడిద రంగు గీత పడితే సీసం అయ్యే అవకాశం ఎక్కువ. సీసం గోటితో నొక్కితే నొక్కుపడేంత మెత్తన, చేతిలో పరిమాణానికి మించిన బరువు. తగరం ఎక్కువగా ఉండే తెల్ల లోహానికి ఈ బాధ తక్కువ. ఎక్కడైనా తెల్ల పొడి కనిపిస్తే మాత్రం నోటితో ఊదవద్దు, వట్టి చేత్తో దులపవద్దు. అది విషం. పిల్లలున్న ఇల్లయితే మరీ జాగ్రత్త.

మరి పీటకు ఏ చెక్క వాడాలి? చెక్క పేర్లు వల్లించడం కంటే పరీక్షించడం మంచిది. మ్యూజియం వాళ్లు వాడే పద్ధతి ఒకటుంది. బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ 1973లో ప్రతిపాదించినది, అందుకే ఆడీ టెస్ట్ అంటారు. పరీక్షించాల్సిన వస్తువును వెండి, సీసం, రాగి ముక్కలతో కలిపి, కాస్త తేమతో గాజు పాత్రలో మూసి, 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచుతారు. లోహపు ముక్కలు ఏమయ్యాయో చూసి వస్తువు మంచి చెడ్డలు నిర్ణయిస్తారు. ఇంట్లో అంత కచ్చితంగా కుదరదు గానీ దాని చుట్టం లాంటిది చేయవచ్చు. గట్టి మూత ఉన్న రెండు గాజు సీసాలు తీసుకోండి. రెంటిలోనూ గరుకు కాగితంతో రుద్ది మెరిపించిన చిన్న సీసపు ముక్క ఒకటి, కొద్దిగా తడిపిన దూది ఒకటి, ఒకదానికొకటి తగలకుండా పెట్టండి. ఒకదాంట్లో మాత్రం మీరు వాడబోయే చెక్క పేడు కూడా వేయండి. రెంటినీ వెచ్చగా ఉండే చోట ఓ నెల ఉంచండి. చెక్క ఉన్న సీసాలో సీసం తెల్లబడి, రెండోది మామూలుగా మసకబారి ఊరుకుంటే ఆ చెక్క లోపలికి పనికిరాదు. సీసాన్ని రుద్దిన చేతులు సబ్బుతో కడుక్కోవడం మరవకండి, రుద్దిన కాగితం పారేయండి.

ఓక్ అందం మీద అంత మోజు ఉంటే దారి లేకపోలేదు. ఓక్‌ను పెట్టె బయటి వైపుకే పరిమితం చేయండి. చుట్టూ కనిపించే బీడింగ్ ఓక్‌తో చేయించుకుని, ఓడ నిలబడే లోపలి నేలకు మాత్రం నల్ల అక్రిలిక్ పలక వేయండి. నల్లటి నేల మీద ఓడ నీడ కూడా అందంగా పడుతుంది. వార్నిష్ కొడితే ఆవిరి ఆగిపోతుందనుకోకండి, తగ్గుతుందంతే. కొట్టిన వార్నిష్ కూడా పూర్తిగా ఆరేదాకా తన వంతు ఆవిరి తాను వదులుతుంది. పీటకు వేసిన రంగైనా, ఓడకు చివర్లో వేసిన రంగైనా నెల రోజులు గాలి తగిలేలా గదిలో ఆరాకే పెట్టెలోకి వెళ్లాలి. అన్నట్టు మీ ఓడే చెక్క ఓడ. ఎంత జాగ్రత్తపడ్డా దాని నుంచి కూడా కొంత ఆవిరి వస్తూనే ఉంటుంది. పీట కింది రంధ్రాలు దానికీ ఆధారమే.

గాజా, అక్రిలికా అంటే ఇంట్లో వాళ్ల మాటా తీసిపారేయదగ్గది కాదు. గాజు మీద అంత తేలిగ్గా గీతలు పడవు, తుడవడం సులువు, ఏళ్లు గడిచినా మెరుపు తగ్గదు. కానీ బరువు చూడండి. మీ కొలతలకు ఐదు పలకలు కలిపి 1.87 చదరపు మీటర్లు. 5 మి.మీ. గాజు అయితే దాదాపు 23 కిలోలు, అదే మందం అక్రిలిక్ 11 కిలోలు. తాళ్ల అల్లిక మీదుగా 23 కిలోల గాజును పైకెత్తడం అంటే ప్రతిసారీ టెన్షనే. బోర్లించే పెట్టెకు అక్రిలిక్కే సరి. తలుపు పెట్టి కదలకుండా ఒకచోట ఉంచే పెట్టెకు గాజు బాగుంటుంది.

మీరనుకున్న 3 మి.మీ. మందం మాత్రం చాలదు. దాదాపు మీటరు పొడవు పలక ఆ మందంలో నడుము దగ్గర వంగుతుంది, పై పలకైతే కిందికి జారి కనిపిస్తుంది. చుట్టూ చెక్క ఫ్రేము ఉంటే 3 నడుస్తుంది, లేకపోతే 5 మి.మీ. తీసుకోండి. కొనేటప్పుడు కాస్ట్ అక్రిలిక్ (అచ్చులో పోసి చేసేది) కావాలని అడగండి. ఎక్స్‌ట్రూడెడ్ రకం (యంత్రంలోంచి ఒత్తి తీసేది) చవకే గానీ కోసేటప్పుడు వేడికి కరిగి అంచుకు ముద్దకడుతుంది, ద్రావణి (అతకడానికి వాడే, అక్రిలిక్‌ను కరిగించే ద్రవం) తగిలితే వెంట్రుక పగుళ్లు త్వరగా వస్తాయి.

ఈ పగుళ్ల సంగతి కోత దగ్గరే మొదలవుతుంది. లేజర్‌తో కోసిన అంచు గాజులా మెరుస్తూ ముచ్చటగా ఉంటుంది, కానీ ఆ వేడికి అంచులో బిగువు మిగిలిపోతుంది. అక్కడ ద్రావణి పోస్తే లోపల సన్నని వెండి దారాల్లాంటి పగుళ్లు పరుచుకుంటాయి. అతికే అంచులను రంపంతో గానీ రౌటర్‌తో (వేగంగా తిరిగే బిట్‌తో కోసే యంత్రం) గానీ కోయించండి. 5 మి.మీ. మందమైతే, 95 సెం.మీ. పొడవును గీత గీసి విరవడం ఇంట్లో కుదిరే పని కాదు, షాపులోనే కోయించుకోండి. పొడవు పలకలు రెండు 96 × 60, పక్క పలకలు రెండు 34 × 60, పై పలక ఒకటి 96 × 35. పక్క పలకలు పొడవు పలకల మధ్యలో ఇమిడి, పై పలక అన్నిటి మీదా కూర్చుంటుంది. అంచులను చదునైన దిమ్మకు చుట్టిన 220, తర్వాత 400 నంబరు ఎమరీ పేపర్‌తో రుద్దండి. చెయ్యి అటూ ఇటూ ఒరగకూడదు. అంచు గుండ్రమైతే జిగురు పట్టదు, బుడగలు పడతాయి. అతికే అంచులకు పాలిష్ అక్కర్లేదు, మంట చూపించి మెరిపించడం అసలే వద్దు.

అతకడానికి డైక్లోరోమీథేన్ లాంటి నీళ్లంత పల్చటి ద్రావణి వాడతారు. ఇది జిగురులా మధ్యలో పొరగా నిలవదు. రెండు అంచులనూ కరిగించి ఒకటిగా కలిపేసి ఆవిరైపోతుంది. అందుకే సరిగ్గా పడిన అతుకు గాజులా పారదర్శకంగా ఉంటుంది. సూపర్ గ్లూ అలా కాదు. దాని ఆవిరి పక్కనే పేరుకుని తెల్లటి మసక పడుతుంది, మూల పొడుగునా పాలు చల్లినట్టు కనిపిస్తుంది. మూసిన పెట్టెలోనైతే ఆ మసక ఓడ మీదకూ పాకగలదు. మీ బావమరిదికి నచ్చజెప్పాల్సింది మీరే.

పని తీరు ఇది. రక్షణ కాగితాన్ని మొత్తం ఒలవకండి, అంచుల దగ్గర మాత్రం మూడు సెంటీమీటర్ల మేర ఒలిచి వెనక్కి మడవండి. లేకపోతే ద్రావణి కాగితం కిందికి పాకి మరక చేస్తుంది. ఒక పలకను బల్ల మీద పరిచి, రెండో దాన్ని మూలమట్టం ఆనించి నిలబెట్టండి. టేపుతో అటూ ఇటూ పట్టి ఉంచండి. అతుకు ఎప్పుడూ నేలకు సమాంతరంగా ఉండాలి, నిలువు అతుకులో ద్రావణి కిందికి కారిపోతుంది. అతుకు కింద సన్నని గుండుసూదులు నాలుగైదు దూర్చి వెంట్రుకవాసి సందు చేయండి. సన్న సూది ఉన్న ప్లాస్టిక్ సీసాతో ఒక కొస నుంచి ద్రావణిని వదులుతూ వెళ్లండి. అది తనంతట తానే సందులోకి పాకుతుంది, పాకినంత మేరా అంచు తడిసి నల్లగా మారడం కంటికి కనిపిస్తుంది. పదిహేను సెకన్లు ఆగి సూదులు మెల్లగా లాగేయండి. పలక బరువుకే అతుకు కూర్చుంటుంది. మధ్యలో తెల్లగా చిన్న చుక్క మిగిలితే అది గాలి బుడగ, అక్కడ వేలితో నొక్కి కాస్త ద్రావణి వేయండి. చుక్క పొరపాటున పలక మధ్యలో పడితే గుడ్డతో తుడవకండి. తుడిస్తే చుక్కంత మచ్చ అరచేయంత అవుతుంది. వదిలేస్తే ఆరిపోతుంది, మచ్చ పెద్దగా మిగలదు.

కదిలించడానికి కొన్ని గంటలు, బరువు మోయడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. కిటికీలన్నీ తెరిచి, వీలైతే వరండాలో చేయండి. దగ్గర్లో మంట ఉండకూడదు. మామూలు రబ్బరు గ్లవ్స్‌లోంచి డైక్లోరోమీథేన్ నిమిషాల్లో లోపలికి దిగుతుంది కాబట్టి గ్లవ్స్ ఉన్నాయన్న ధీమా వద్దు, చేతికి తగిలితే వెంటనే కడుక్కోండి. ఆ తర్వాత పెట్టెను రెండు మూడు రోజులు తలకిందులుగా, తెరిచి ఉంచండి. ముక్కు లోపల పెట్టినా వాసన తెలియకూడదు.

పీటకు పెట్టె కూర్చునే గాడి తీయించేటప్పుడు పెట్టె మందానికి సరిగ్గా బిగుతుగా చేయించవద్దు. అక్రిలిక్ వేడికి గాజుకన్నా చాలా ఎక్కువ సాగుతుంది. 95 సెం.మీ. పొడవు పలక 15 డిగ్రీల తేడాకు దాదాపు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. గాడికి లోపలా బయటా చెరో మిల్లీమీటరు వదలండి. ఓడను ఈ పీటకే, అడుగు నుంచి ఇత్తడి మరలతో బిగించేయండి. ఊరికే నిలబెడితే ఎవరో బల్లను తగిలిన రోజున ఓడ జారి పలకకు కొట్టుకుంటుంది.

లైటు గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. నేరుగా ఎండ పడే చోట పెట్టొద్దు. మామూలు అక్రిలిక్ అతినీలలోహిత కిరణాలన్నిటినీ ఆపదు, దారాలు పెళుసెక్కుతాయి, రంగులు వెలుస్తాయి. పైగా ఎండలో మూసిన పెట్టె లోపల గది కంటే బాగా వేడెక్కుతుంది. ఎల్ఈడీ పట్టీ పెట్టాలనుంటే పెట్టె పైన, బయట పెట్టండి. దానికి కరెంటు అందించే డ్రైవర్ పెట్టె కూడా బయటే.

ఇక బోర్లించే రోజు. తాళ్ల మీద ఇప్పటికే ఉన్న దుమ్మును ముందు మెత్తని బ్రష్‌తో పై నుంచి కిందికి దులపండి. పక్కనే వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి పల్చటి బట్ట కట్టి తక్కువ వేగంలో పట్టుకుంటే లేచిన దుమ్ము అందులోకి పోతుంది, ఊడిన కప్పీ ఏదైనా బట్ట దగ్గరే ఆగుతుంది. తర్వాత పెట్టె లోపలి వైపు రక్షణ కాగితం ఒలవండి. ఒలిచేటప్పుడు చిటపటమని చప్పుడు వినిపిస్తుంది, అది స్థిర విద్యుత్తు. ఆ క్షణంలో పలక గదిలోని నూగునంతా తనవైపు లాక్కుంటుంది. అలాగే బోర్లిస్తే మీరు కట్టిన దారపు కొసలు కూడా పలక వైపు తలలు తిప్పి నిలబడతాయి. కాబట్టి పొడి గుడ్డతో రుద్దకుండా, గోరువెచ్చని నీళ్లలో చుక్క సబ్బు కలిపి, మైక్రోఫైబర్ గుడ్డ పిండి మెల్లగా తుడవండి. ఆరాక ఓ గంట వదిలేయండి. గాజు తుడిచే స్ప్రేలు, స్పిరిట్ దగ్గరికి రానివ్వకండి. వాటిలోని అమ్మోనియా, ఆల్కహాల్ అతుకుల దగ్గర మళ్లీ ఆ వెంట్రుక పగుళ్లే తెస్తాయి.

పెట్టె ఎక్కాక మొదటి ఏడాది మూడు నెలలకోసారి టార్చి వెలుగు పక్క నుంచి పడేలా పట్టి లంగర్లను చూడండి, ముఖ్యంగా రంగు పల్చగా ఉన్న అంచుల దగ్గర. తెల్లటి నూగు కనిపిస్తే పెట్టె తీసి పక్కన పెట్టి, ఆ భాగాలను విప్పి బయట ఉంచి, నాకు మళ్లీ రాయండి.